పేరిందేవి కారుతో చెప్పిన మాటలు

చెంచురామయ్య మగ్గం అమ్మేశాడంట. అమ్మేసి కారు కొన్నాడంట. ఇంట్లో ఆడమనిషిని ఒక్క మాట అడగలా. ఆ చెంచురామయ్య ఎవరంటే, వేటపాలెం దాటి సముద్రం వైపు పోతే కాలవ అవతల ఒక నేతపేట ఉందనుకో, వీధికి రెండు పక్కలా మగ్గాల చప్పుడే, ఆ పేటలో మనిషి. యాభైకి రెండేళ్ళు తక్కువ. ఆయన భార్య పేరిందేవి. ఇరవై రెండేళ్ళు ఆయన మగ్గం గుంటలో కూర్చుని నేస్తే, ఆమె గుమ్మం పక్కన రాట్నం పెట్టుకుని కండెలు చుట్టిచ్చింది. కండె తెలియనివాళ్ళు ఉంటే చెప్తా, నాడెలో ఒక పుల్ల పెడతారే, దాని చుట్టూ నూలు చుట్టాల. ఆ నాడె అటూ ఇటూ పరిగెత్తితేనే గుడ్డ. అంటే ఆయన నేసిన ప్రతి చీరలో అడ్డంగా పోయిన ప్రతి పోగూ ముందు ఆమె వేళ్ళ మీదుగా పోయిందే. నాకైతే అది రోజూ ఒకళ్ళకొకళ్ళు ఉత్తరాలు రాసుకున్నట్టు అనిపిస్తది. నవ్వమాకండి, అనిపించింది చెప్తన్నా.

ఏమైందంటే, పేరిందేవి వాళ్ళ అక్కకు బాగాలేదని చూసొద్దామని పోయి, నాలుగు రోజులుండి వచ్చిందంట. వచ్చి చూస్తే ఇంట్లో మగ్గం లేదు. గుంట ఒక్కటే నోరు తెరుచుకుని ఉంది. వాకిట్లో మాత్రం ఒక చిన్న కారు, తెల్లది, ఎన్ని చేతులు మారిందో, ముందు దీపం ఒకటి పక్కకు చూస్తా ఉంది. ఆయన దాని పక్కన నిలబడి ఉన్నాడు, కొత్త పెళ్ళికొడుకు నిలబడినట్టు. ఆమె గుంట వంక చూసింది, కారు వంక చూసింది. ఈ బండి నేనెక్కను, నీతో మాట్లాడను అంది. అని లోపలికిపోయి ఎసరు పెట్టుకుంది. అరవలా, ఏడవలా, పుట్టింటికి పోలా. అరిచినదాన్ని సముదాయించొచ్చు, ఎసరు పెట్టుకున్నదాన్ని ఏం చేస్తావు. అట్టా పద్నాలుగు నెలలు అనుకో. వేళకు అన్నం పెట్టుద్ది, చొక్కా ఉతికి ఆరేసుద్ది, మాట మాత్రం లేదు.

మాట లేకుండా ఇల్లు నడిచేదెట్టా అని మీరు అడగొచ్చు. ఆమె మాట్లాడనన్నది మొగుడితో గదా, కారుతో కాదు గదా. అందుకని గడప మీద నిలబడి కారుతో చెప్పేదంట. ఓ బండీ, మీ ఆయన్ని అన్నానికి రమ్మను. ఓ బండీ, ఉప్పు అయిపోయింది, మీ ఆయనకు చెప్పు. మీ ఆయన, మీ ఆయన అని, సవతిని పిలిచినట్టే. చెంచురామయ్య తక్కువోడా, బానెట్ కింద నుంచి తల ఎత్తకుండానే, ఓ బండీ, మీ అక్కకు చెప్పు, వస్తన్నానని, అనేవాడంట. ఎదురింటి వీరరాఘవమ్మ అరుగు మీద కూర్చుని, ఆ కారుకు నోరుంటే మా వీధిలో దానంత పని ఎవరికీ ఉండదే అనేది. నవ్వులాటగానే ఉంటది వినడానికి. కానీ సాయంత్రం మగ్గాలన్నీ ఆగిపోయాక ఆ ఇంట్లో చెంబు కింద పెట్టిన చప్పుడు కూడా వీధిలోకి వినపడేదంట. అంత నిశ్శబ్దం. ఆమె మళ్ళీ ఆయనతో నోరిప్పుద్దా లేదా, ఆయనకి పగలూ రేయీ అదొక్కటే.

ఇంక కారు సంగతి. పాత కారు అన్నాక రోజుకొకటి అడుగుద్ది. ఆయనేమో దాన్ని ఎవరి చేతికీ ఇవ్వడు. పెద్ద రోడ్డు మీద మస్తాన్ వలి అని మెకానిక్కు ఉన్నాడు, మంచోడు, తీసుకురా పెద్దాయనా నేను చేస్తా అంటాడు. ఈయన పోతాడు, అడుగుతాడు, చూస్తాడు, ఇంటికొచ్చి తనే చేస్తాడు. ఎట్టా చేస్తాడు, నేతగాడు చేసినట్టు చేస్తాడు. ఇప్పుడు అయిపోయిన పడుగుకి కొత్త పడుగు అతికేటప్పుడు పోగుకి పోగు కలిపి, వేళ్ళకి బూడిద అద్దుకుని మెలేస్తారు చూడండి, తెగిన కరెంటు వైర్లకి కూడా అట్టాగే చేశాడంట. బూడిద అద్దుకుని మరీ. బూడిద ఎందుకయ్యా వైరుకి అంటే, వేళ్ళకి అలవాటు అన్నాడంట. ఆ అతుకు ఇప్పటికీ ఊడలా. ఏ ముక్క విప్పినా పాత దుప్పటి పరిచి, విప్పిన వరసలోనే ఎడమ నుంచి కుడికి పెడతాడు, మళ్ళీ బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకు వస్తాడు. ఒక్క నట్టు మిగిలేది కాదు. ప్లగ్గులు తీసి ఇసుక కాయితంతో రుద్దేవాడు, ఫ్యాన్ బెల్టు కీచుమంటే బొటనవేలితో నొక్కి చూసేవాడు, పడుగు బిగువు చూసే చెయ్యి గదా, ఒక్క నొక్కుతో తెలిసేది. బండి కూడా ఆయన చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది. పేటలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరు రైలెక్కాలన్నా చెంచురామయ్య కారే, ఆ కిరాయితోనే ఇల్లు గడిచేది.

ఒక్కసారి మాత్రం తప్పు చేశాడు. ఆ తప్పు సాలెవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరు. రేడియేటర్ చెమ్మ పట్టినట్టు కారతా ఉందంట, సూది బెజ్జమంత చిల్లు. ఈయన ఆలోచించాడు. నూలుకి గంజి పెడితే సందులన్నీ పూడి పోగు గట్టిపడుద్ది గదా, మరి ఇనుముకి మాత్రం ఎందుకు గట్టిపడదు అనుకున్నాడు. అనుకుని, పొయ్యి మీద గంజి కాచి, పలచగా గుడ్డలో వడకట్టి, రేడియేటర్లో పోశాడు. నిజంగానే కారడం ఆగింది. ఆయన సంతోషం చూడాల. మూడు మైళ్ళు పోయి వచ్చాడు. వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి, కుతకుతమని చప్పుడు, వీధంతా గంజి మాడిన వాసన. మగ్గాల మీద వాళ్ళందరూ లేచి వాళ్ళ వాళ్ళ పొయ్యిల దగ్గరకి పరిగెత్తారంట, ఎవరి గంజి మాడిందోనని. పేరిందేవి ఒక్కతే పరిగెత్తలా. గడప మీదకొచ్చి ముక్కు ఎగబీల్చి చూసింది. ఓ బండీ, నీకేమన్నా ఒళ్ళు బాగలేదా, మీ ఆయన నీకు గంజి తాగిస్తన్నాడు, అంది. అంత నామోషీలోనూ ఆయనకి నవ్వొచ్చింది, బానెట్ చాటున నవ్వుకున్నాడు. తర్వాత ఏం చేసిందో తెలుసా, కాగులో నీళ్ళు మరిగించి, అందులో చాకలి సోడా వేసి, కారు పక్కన తెచ్చి పెట్టి వెళ్ళింది. గుడ్డకి పట్టిన గంజి అట్టాగే గదా పోయేది. మూడు కాగులు పెట్టింది అట్టా. ఆయన పోశాడు, తెల్లగా జిగురు జిగురుగా దిగింది, పోశాడు, నీళ్ళు నీళ్ళుగా దిగినాయి. ఆ తర్వాత రేడియేటర్ ఊడదీసి, చంకన పెట్టుకుని పోయి మాటు వేయించుకొచ్చాడు. ఆ రోజు ఇద్దరూ ఒక పని కలిసి చేశారు. మాట మాత్రం లేదు.

ఇట్టా ఉండగా, ఒక రోజు మధ్యాహ్నం కాలవ వంతెన దిగుతా ఉన్నాడు. బండిలో తనొక్కడే. బ్రేక్ తొక్కితే కాలు సర్రున నేల దాకా పోయిందంట, నీళ్ళల్లో పెట్టినట్టు. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ అంతే. హ్యాండ్ బ్రేక్ లాగాడు, బండి కొంచెం జంకింది గానీ ఆగలా. అప్పుడు ఏమనుకున్నాడంటే, ఎదురుగా ఎవరన్నా వస్తే ఎట్టా అనుకున్నాడంట, తన సంగతి కాదు. అనుకుని పక్కన మొగలి డొంకలోకి తిప్పాడు. డొంక పట్టుకుంది. ముళ్ళు గీరుకున్నాయి, ఒళ్ళంతా గీతలు పడ్డాయి, అంతకు మించి ఏం కాలా. కాలవ కాడ పనిచేసే వాళ్ళు నలుగురు చెయ్యేసి బండిని ఇంటిదాకా తోసుకొచ్చారు. ఆయన చొక్కా అంతా మొగలిపూల వాసన. మీరు ఊహించుకోండి, రక్తం గీతలు, మొగలిపూల వాసన, ఆ వాకిట్లో ఎండ. పేరిందేవి గడప మీద నిలబడి ఎంతసేపు చూసిందో. కారుతో కూడా ఏం అనలా. పసుపు నూనెలో రంగరించి చిప్పలో పోసి అరుగు మీద పెట్టింది. 

మస్తాన్ వలి వచ్చి వంగి చూసి, వెనక చక్రంలో రబ్బరు అరిగింది, బ్రేక్ నూనె అంతా అక్కడ కారిపోయింది, రబ్బరు మార్చు, నూనె పొయ్యి, తర్వాత గొట్టాల్లో గాలి చేరి ఉంటది, అది తీసెయ్యాల అన్నాడంట. గాలి తియ్యడం ఎట్టాగో కూడా చెప్పాడు. చక్రం వెనకాల నిపిల్ అని చిన్న మర ఉంటది, దానికి ట్యూబ్ తగిలించి రెండో కొస సీసాలో నూనెలో ముంచు. లోపల ఒకళ్ళు బ్రేక్ తొక్కి పట్టాల, బయట ఒకళ్ళు నిపిల్ వదులు చెయ్యాల, బుడగలు వస్తాయి, నిపిల్ బిగించాక అప్పుడు కాలు తియ్యాల. ముందే తీస్తే గాలి మళ్ళీ లోపలికే పోద్ది. దూరం చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గర చక్రం దాకా నాలుగూ చెయ్యాల. ఒక్కడి వల్ల కాదు పెద్దాయనా, తొక్కడానికి ఇంట్లో మనిషి ఉంది గదా అన్నాడు. అదంతా విని చెంచురామయ్య, నీకు పనుందేమో పోయిరా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాడు. రబ్బరు మార్చాడు, నూనె పోశాడు. ఇంక తొక్కే మనిషి. పక్కింటి వాళ్ళని పిలవొచ్చు. పెళ్ళిళ్ళ రోజులు, అందరి కాళ్ళూ మగ్గాల మీదే ఉన్నాయి. అదీగాక, ఇంట్లో మనిషిని పెట్టుకుని పొరుగోళ్ళ కాలు అడగడమా అని ఆయన పట్టుదల. అందుకని ఏం చేశాడో వినండి. బండి అడుగున తుప్పుపట్టి చిల్లు ఉంది, పైన గోనెపట్టా కప్పుకుని తిరుగుతున్నాడు అన్నాళ్ళూ. మగ్గం తాడు ఒకటి మిగిలి ఉంటే, దాని కొస బ్రేక్ తొక్కే చెక్కకి కట్టి, చిల్లులోంచి కిందికి దించి, రెండో కొస తన కాలి బొటనవేలికి కట్టుకున్నాడు. గుంటలో కూర్చుని కాళ్ళతో మగ్గం తొక్కినోడు గదా, కాలితో ఇదీ తొక్కుతాననుకున్నాడు. చక్రం పక్కన వెల్లకిలా పడుకుని వేలు లాగుతాడు, పైన చెక్క దిగుద్ది. పానాతో నిపిల్ తిప్పబోతాడు, అటు వంగగానే వేలు సడలుద్ది, చెక్క లేచిపోద్ది, గాలి మళ్ళీ లోపలికి. సీసాలో బుడగలు, మళ్ళీ బుడగలు, ఎన్నిసార్లు తీసినా అవే బుడగలు. పొద్దు నడినెత్తికి వచ్చింది. వేలు ఎర్రగా వాచింది.

పేరిందేవి అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుకుంటా చూస్తానే ఉంది. ఓ బండీ, మీ ఆయన కాలి వేలు ఊడొచ్చేదాకా లాగుతాడా, అని అడిగిందంట. ఆయన లేచి కూర్చుని తాడు విప్పుకున్నాడు. ఓ బండీ, మీ అక్కకు చెప్పు, ఇంక ఇంతే, రేపు పొద్దున చీరాల ఆసుపత్రి నుంచి పిచ్చయ్య గారి కోడల్ని బిడ్డతో తీసుకొస్తానని మాటిచ్చా, హ్యాండ్ బ్రేక్ ఉంది, మెల్లగా పోయొస్తా అన్నాడు.

ఆ మాట అన్నాక చేట ఆగిపోయింది. మూడు రోజుల పసిగుడ్డు. ఆ కాలవ వంతెన. అన్నమాట తప్పే మనిషి కాదని ఆమెకు తెలుసు, హ్యాండ్ బ్రేక్‌తోనే పోతాడు. చేట కింద పెట్టి లేచింది. కొంగు నడుముకి చుట్టుకుంది. కారు తలుపు తీసింది. ఎక్కనంది గదా, అందుకని ఎక్కలా. ఒక కాలు వాకిట్లోనే ఉంచి, రెండో కాలు లోపలికి పెట్టి బ్రేక్ మీద ఆనించింది, సగం బయట, సగం లోపల. వీరరాఘవమ్మ ఎదురరుగు మీద చూస్తా, ఏమే, బండెక్కుతున్నావా దిగుతున్నావా అంది. పిన్నీ, నీ పని చూసుకో అంది ఈమె. చెంచురామయ్య పానా తీసుకుని దూరం చక్రం పక్కన పడుకున్నాడు. తర్వాత ఓ బండీ, నేను చక్రం మీద పానాతో ఒక దెబ్బ కొడితే తొక్కి పట్టమను, రెండు కొడితే వదలమను అన్నాడు.

ఇంక చూడండి ఆ పని. టంగ్ అంటే తొక్కుద్ది. టంగ్ టంగ్ అంటే వదులుద్ది. దూరం చక్రం అయింది. సీసాలో బుడగలు తగ్గి తగ్గి నూనె ఒక్కటే వచ్చింది. రెండోది అయింది. మూడోది అయింది. వీధిలో మగ్గాల చప్పుడు, మధ్యలో ఈ టంగ్ టంగ్. చాన్నాళ్ళకి ఆ ఇల్లు కూడా వీధితో పాటు చప్పుడు చేసింది. నాలుగో చక్రం డ్రైవరు పక్కనే, ఆమె నిలబడిన కాలి దగ్గరే. ఆయన ఆ చక్రం దగ్గరకి పాకి వచ్చేసరికి ఆమె నిలబడిన కాలు తిమ్మిరెక్కింది, ఎప్పుడు కూర్చుందో ఆమెకే తెలియదు, కూర్చుంది. సీట్లో. రెండు కాళ్ళూ లోపలే. అప్పుడు చూసిందంట, స్టీరింగ్ పక్కన అందరూ దేవుడి బొమ్మ పెట్టుకునే చోట నాడె ఉంది. వాళ్ళ మగ్గం నాడె. అందులో సగం చుట్టిన కండె, ఎర్ర నూలు, అక్క ఊరికి పోయేముందు తను చుట్టిందే. పద్నాలుగు నెలలు అది అక్కడే తిరుగుతా ఉంది, బాలింతలతో, రైలెక్కేవాళ్ళతో, మొగలి డొంకలోకి కూడా పోయి వచ్చింది. ఎక్కితే గదా ఆమెకు తెలిసేది.

కింద నుంచి టంగ్ మంది. తొక్కింది. టంగ్ టంగ్. వదిలింది. అట్టా నాలుగైదు సార్లు. ఇప్పుడు ఆయనకి ఒక సంగతి తెలియాల. చెక్క గట్టిపడిందా, ఇంకా మెత్తగానే ఉందా. అది సీసాలో కనపడదు, తొక్కే కాలికే తెలుసుద్ది. దానికి దెబ్బల్లో గుర్తు పెట్టుకోలా. ఓ బండీ, గట్టిగా ఉందా మెత్తగా ఉందా అడుగు, అన్నాడు. పైన్నుంచి బదులు లేదు. ఇంకోసారి అడిగాడు. లేదు. అప్పుడు ఆయన ఆ చక్రం పక్కన పడుకునే, కారుతో కాకుండా, చెప్పాడంట.

"నువ్వు రాట్నం మధ్యమధ్యలో ఆపి ఎడం చేత్తో కుడి మోచెయ్యి పట్టుకునేదానివి. నేను చూడలేదనుకున్నావు. నీళ్ళ చెంబు ఎత్తలేక రెండు చేతులా పట్టుకునేదానివి. మగ్గం ఇంట్లో ఉంటే నువ్వు చుట్టడం మానవు. అందుకని అమ్మేశా."

వీధిలో మగ్గాలు ఆడతానే ఉన్నాయి.  అప్పుడు పైన్నుంచి మాట వచ్చింది.

"నా చెయ్యి నాది గదయ్యా. నన్నడగొద్దా?"

"అడిగితే వద్దంటావని."

"అంటాను. అయినా అడగాల."

"అడగాల్సింది," అన్నాడు ఆయన.

ఆమె కాలితో నొక్కి చూసింది. "ఇంకా మెత్తగానే ఉంది. ఇంకోసారి తియ్యి," అంది.

అంతే, ఇంక పానా దెబ్బలు లేవు. తొక్కు అంటాడు, తొక్కా అంటది. పట్టు అంటాడు, పట్టా అంటది. వదులు, వదిలా. అటు ఒక మాట, ఇటు ఒక మాట, నాడె పరిగెత్తినట్టే అనుకో. కాసేపటికి ఆమె గట్టిపడింది అంది. ఆయన నిపిల్ బిగించాడు, ట్యూబ్ పీకాడు, సీసా మూత పెట్టాడు. అన్నీ అయ్యాక మళ్ళీ, ఇంకోసారి తొక్కు అన్నాడంట. గట్టిపడిందని చెప్పా గదయ్యా అంది ఆమె. తెలుసు, తొక్కు అన్నాడు. తొక్కా, అంది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి ఇద్దరూ పోయారు. ముందు ఖాళీగా ఒకసారి వంతెన దిగి చూడు, తర్వాతే బిడ్డని ఎక్కించుకునేది అని ఆమె పట్టు, అట్టాగే చూశారు. తిరిగొచ్చేటప్పుడు పేరిందేవి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వంతెన దిగతా ఉంటే ఒక గేదె అడ్డం వచ్చి నిలబడిందంట, దాని ఇష్టం దానిది. చెంచురామయ్య కాలు ఆనించాడు. బండి మెత్తగా, చాలా మెత్తగా ఆగింది, మొగలి డొంక పక్కనే. బిడ్డ నిద్ర కూడా లేవలా. ఏమయ్యా, బాగా ఆగింది, అంది ఆమె. గేదె పోయినాక కూడా ఆయన కాసేపు బండి కదిలించలేదని బాలింత ఇంటికొచ్చి చెప్పింది.

మగ్గం మళ్ళీ కొన్నారా అని అడగమాకండి, కొనలా. ఆమె చెయ్యి పూర్తిగా బాగుపడిందా అంటే అదీ లేదు, చలికాలం లాగుద్దంట. గుంట పూడ్చలేదు, దాంట్లో పాత టైర్లు పెట్టుకున్నారు. కానీ ఒక సంగతి ఉంది. ఆ కారుకి ప్రతి నెలా బ్రేకుల గాలి తీస్తాడు చెంచురామయ్య, నాలుగు చక్రాలకీ. మస్తాన్ వలి, ఏం పిచ్చి పెద్దాయనా, ఏడాదికోసారి చూసుకుంటే ఎక్కువ, అందులో గాలి యాడిది అంటాడు. ఈయన వినడు. నేను చూశా ఒకసారి, కాలవ మీదుగా పోతా వాళ్ళ వాకిలి ముందు సైకిల్ ఆపి. తొక్కు, తొక్కా, పట్టు, పట్టా, వదులు, వదిలా. సీసాలో ఒక్క బుడగ రావట్లా. అప్పటినుంచి నేనూ ఒక పాత కారు కొనుక్కోవాలని చూస్తన్నా. పానాలు కూడా రెండు సంపాదించా. తొక్కే మనిషే ఇంకా దొరకలా.